రెండో పీపా మూత

పోయిన వారం మన కథ విస్తళ్ళ దగ్గర ఆగింది. ఆగింది అనడం కంటే విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయింది అనడం సబబు. తార్‌బహార్ రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో, రిటైరైన మెయిల్ గార్డు సత్యనారాయణమూర్తిగారి మనవరాలు శ్రీనిధికి నిశ్చితార్థం. తాంబూలాల ముహూర్తం మధ్యాహ్నం బాగా దాటాక గనక ముందు భోజనాలు పెట్టారు. పప్పయింది, పులుసయింది, మజ్జిగ బకెట్టు బయల్దేరింది. అంతలో పెళ్ళికొడుకు తండ్రి విస్తరి అంచు సర్దుకుందామని ఎత్తాడు. కింద తెల్లటి పురుగులు. ఒకదాని మీద ఒకటి పడి, ఎవరో తరుముతున్నట్టు పాకుతున్నాయి. ఆయన లేచాడు. ఆయన లేచాడని బావమరిది లేచాడు. బావమరిది లేచాడని, వడ్డించిన లడ్డూ వైపు ఓసారి దిగులుగా చూసుకుని, నాగ్‌పూర్ నుంచి వచ్చిన బలగమంతా లేచింది. పక్కనే ఉన్న మూర్తిగారి ఇంటి వరండాలో కూర్చుని, సాయంత్రం బండికి వెళ్ళిపోతామని కబురు పెట్టింది.

తాంబూలాల పళ్ళెం హాల్లో పెట్టినచోటే ఉంది. ఎండాకాలం, పళ్ళూ బెల్లమూ తెరిచి ఉన్నాయి, అయినా దాని మీద ఒక్క ఈగ వాలలేదు. ఎందుకు వాలలేదో చెప్పగల మనిషి ఆ ఆవరణలో ఒక్కతే ఉంది. ఇవాళ ఆ పిల్ల మాట వినే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

వంటింట్లో గంగాళం ముందు మంగాయమ్మ నిలబడి ఉంది, చేతిలో గరిటె ఎందుకుందో మర్చిపోయి. మొగుడు బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేస్తూ పోయాక, హాలు వెనకున్న ఈ వంటిల్లే ఆవిడకి దిక్కు. డ్యూటీ దిగిన డ్రైవర్లకి మెస్సు పెడుతుంది, హాల్లో పెళ్ళయినా పేరంటమైనా వంట చేస్తుంది. చెత్త ట్రాక్టరు రావడం మానేశాక గోడ వెనక ఎంగిలాకుల కుప్ప గోడంత లేచి, పందులకీ ఆవులకీ రోజూ పంచాయితీ అయ్యేది. అప్పుడే కోడలు జ్యోతిర్మయి, జువాలజీ చదివిన పిల్ల, పెరట్లో రెండు ఇనప పీపాలు పెట్టి అందులో పురుగుల్ని పెంచుతానంది. నల్ల ఈగ పిల్లలట. మెతుకులూ తొక్కలూ కుళ్ళిన కూరలూ అన్నీ తినేసి, అడుగున నల్లమట్టి మిగులుస్తాయట. అవి ఉన్నచోట మామూలు ఈగలు గుడ్లు కూడా పెట్టవట. సంఘం పెద్దలు ముక్కులు మూసుకుని సరేనన్నారు, ఒక షరతు మీద. ఒక్క ఫిర్యాదు వచ్చినా పీపాలతో పాటు వంటిల్లూ ఖాళీ చెయ్యాలి. ఆ వంటింటి మీద కన్నేసిన మనోజ్ అనే కేటరింగ్ కాంట్రాక్టరు అప్పటి నుంచీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు.

ఇక్కడి దాకా మీకు తెలిసిందే. మంగాయమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియనిది మాత్రం ఇవాళ చెప్పుకోవాలి.

నిన్న సాయంత్రం కోడలు హాల్లో ముగ్గు వేస్తుండగా, ఆవిడ ఆవకాయ జాడీ చంకనెత్తుకుని వెళ్ళి, కుళాయి పక్కనున్న పీపాలో బోర్లించింది.

ఓస్, ఆవకాయ పారబోస్తే ఏం కొంప మునిగిందీ అంటారా? తార్‌బహార్‌లో నిలబడి ఆ మాట అనండి చూద్దాం! విజయనగరం వైపు నుంచి గోనెల్లో కాయ దిగిందంటే, అది ఏ క్వార్టర్‌కి వచ్చినా కలిపేది మంగాయమ్మ చెయ్యే. ఆ చెయ్యి పడితే ఏడాదైనా ముక్క మెత్తబడదని పేరు. జాడీ బూజు పడితే ఇంటికి అరిష్టమని, కలిపిన చేతికి అప్రతిష్ట అని ఆ ఇళ్ళల్లో పట్టింపు. అలాంటిది ఈ వేసవిలో, కలిపిన నెలైనా తిరక్కుండా మూత తీస్తే, పైన దూదిలాంటి బూజు. ఆవిడ మూత మళ్ళీ పెట్టేసింది. ముందు కోడలి ఈగల్ని తిట్టుకుంది. తర్వాత తన చేతిని తిట్టుకుంది. గోడవతల పారేస్తే ఎర్ర ముక్కలు వీధంతా చూస్తుంది. కాలవలో పోస్తే నూనె తేలుతుంది. ఏదేసినా తినేస్తాయి అని కోడలే కదా చెప్పింది!

ఉప్పు, కారం, ఆవపిండి, మీద నువ్వుల నూనె. పాపం, ఆ పురుగులు పుట్టి బుద్ధెరిగాక అలాంటి భోజనం చూడలేదు.

"మంగాయమ్మా! ఇలా బయటికి రా!"

మూర్తిగారి గొంతు. రిటైరైనా ఆయన మెడలో విజిలు తాడు పోలేదు. పెరట్లోకి వచ్చేసరికి ఒక చేతిలో ఆ తాడు, రెండో చేతిలో సీలు విప్పని కిరసనాయిలు డబ్బా ఉన్నాయి. ఆయన మొహం చూసి మంగాయమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఏటమ్మా ఇది? ఆ గుంటకి ఎన్నాళ్ళకి కుదిరిన సంబంధం ఇది! లోపల తలుపేసుకుని ఏడుస్తోంది. నేను ఆళ్ళకి ఏటని చెప్పీది?"

"మూర్తిగారండీ, మళ్ళీ పొయ్యెలిగించి వేడివేడిగా..."

"వంటా? ఆయన మంచినీళ్ళే పుచ్చుకోడం లేదమ్మా. గ్లాసు ఇస్తే ఎత్తి దాని అడుగు చూస్తన్నాడు!"

ఇంకోరోజైతే మంగాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇవాళ కొంగు చేతికి దొరకలేదు.

"షరతు షరతే. పీపాలకి నేనే నిప్పెడతాను. నువ్వు వంటింటి తాళాలు ఇచ్చీ. ఆళ్ళ కళ్ళెదురుగా ఇది తేల్చకపోతే ఆళ్ళు బండెక్కీస్తారు."

"తాతగారూ, ఒక్క మాట."

జ్యోతిర్మయి హాలు గుమ్మంలోంచి వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. చేతిలో చేట, చేటలో విస్తళ్ళ కింద నుంచి ఊడ్చి తెచ్చిన పురుగులు. మూర్తిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"మీరు కాల్చాలంటే కాల్చండి. ముందు వీటిని చూడండి. ఎలా ఉన్నాయి?"

"పురుగుల్లా ఉన్నాయి!"

"తెల్లగా ఉన్నాయండి. వీటికి తిండి దొరికినంతసేపు అక్కడి నుంచి కదలవు. బాగా తిని ముదిరినవే నల్లబడి, పొడి చోటు వెతుక్కుంటూ పైకెక్కుతాయి. అందుకే కదా లోపల ఆ వాలు పలక పెట్టాను. దాని మీంచి వాటంతటవే ఎక్కి ఈ డబ్బాలో పడతాయి. ఇవి అవి కాదు. వీటికింకా కడుపు నిండలేదు. ముందర కూడు పెట్టుకుని ఇలా పారిపోయాయంటే అందులో ఏదో పడిందన్నమాట. పడలేదు, ఎవరో వేశారు."

ఆ "ఎవరో" అన్న మాట పెరడంతా తిరిగి వచ్చి మంగాయమ్మ గుండె మీద కూర్చుంది.

"ఎవరేస్తారు? ఎందుకేస్తారు?" అన్నారు మూర్తిగారు.

"అదే తెలియాలి. తెలిస్తే పురుగుల తప్పు లేదని మీకే తెలుస్తుంది. ఇవాళ వీటిని కాల్చేస్తే రేపటి నుంచి మళ్ళీ గోడవతల కుప్ప, మళ్ళీ పందులు."

ఇప్పుడు చెప్పేస్తే పోతుంది, అనుకుంది మంగాయమ్మ. నా ఆవకాయ బూజు పట్టింది అనాలి, అంతేగా. ఆ మాట అన్న మరుక్షణం తార్‌బహార్‌లో ప్రతి ఇల్లాలూ తన జాడీ మూత తీసి వాసన చూసుకుంటుంది. పెళ్ళివారింట్లో అరిష్టం దిగిందంటే, ఎవరి చేతి మీదుగా దిగిందో చెప్పక్కర్లేదు.

అదే సమయానికి కోళ్ళని తిట్టుకుంటూ చిన్నారావు వచ్చాడు. మంగాయమ్మ తమ్ముడు, యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పెళ్ళి చేసుకోలేదు, ఆ ముచ్చటంతా కోళ్ళతో తీర్చుకుంటాడు. వాటి గూడు కుళాయి పక్క పీపాని ఆనుకునే ఉంటుంది. ఫంక్షన్ అని ఇవాళ తెల్ల చొక్కా తొడిగాడు.

"అప్పా, నా కోళ్ళకేటో అయినాది. పొద్దున్నించీ నూకలేస్తే మొహం తిప్పీసుకుంటన్నాయి. నాగ్‌పూర్ పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాయేటో!"



"నా ముందర కోళ్ళ మాటెత్తకు చిన్నారావ్," అన్నారు మూర్తిగారు పళ్ళ బిగువున.

దానికో కారణం ఉంది. మూర్తిగారు సర్వీసులో ఉండగా ఒకసారి ఆయన గార్డు పెట్టెలో, జెండాలకీ దీపానికీ మధ్య, చిన్నారావు బతికున్న కోడిపెట్టని పెట్టి మూతేశాడు. కట్నీ దాకా బండి చివరి బ్రేక్‌వాన్‌లో ఏదో దయ్యం గొణుగుతోందని ఆయన ఆంజనేయ దండకం చదువుతూ వెళ్ళారు. కట్నీలో పెట్టె తెరిస్తే ఎర్రజెండా మీద గుడ్డు ఉంది. రైల్వే కాలనీలో ఏ వంకర పని జరిగినా ముందు చిన్నారావు పేరే వస్తుంది. తొంభై పాళ్ళు అది నిజం కూడా.

జ్యోతిర్మయి చేట కింద పెట్టి, చేతి గాజులు పైకి తోసుకుంది. "తవ్వి చూస్తే తెలిసిపోతుంది. ఏం వేసినా ఇంకా అడుగుకి దిగి ఉండదు." కుళాయి పక్క పీపా వైపు నడిచింది.

"అమ్మాయ్, వద్దు!" మంగాయమ్మ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ పట్టుచీరతో... ఆ కంపులో..."

చిన్నారావు అక్క మొహం వైపు చూశాడు. చిన్నప్పటి నుంచీ ఆ మొహాన్ని ఏడిపించి నవ్వించి బతికినవాడు. దాని మీద ఏ గీత ఎప్పుడు పడుతుందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

"నువ్వుండు కోడలు పిల్లా. నేనున్నాను గదా చెయ్యెట్టడానికి," అంటూ ముందుకి దూకి, మూత పక్కన పడేసి, మోచేతి దాకా పీపాలోకి దించాడు. కెలికాడు. ఒక్కసారి చెయ్యి ఆగిపోయింది. వేళ్ళకేదో గట్టిగా తగిలింది. మెత్తటిదంతా కరిగినా మామిడి టెంక కరగదు కదా. కొంచెం పైకి తీసి, ఒంటి చాటున చూసుకున్నాడు. కారమూ నూనే అంటిన టెంక ముక్క. తర్వాత తలెత్తి అక్క కళ్ళల్లోకి చూశాడు. మంగాయమ్మ చూపు తిప్పుకోలేకపోయింది.

బీడీ వెతుక్కుంటున్నవాడిలా చెయ్యి చొక్కా జేబులోకి పోనిచ్చి తీశాడు.

"ఏటీ కనిపించలేదు," అన్నాడు. ఆగాడు. "మరి ఎంతసేపని వెతుకుతారు గానీ... నేనే చేసీసేను."

"ఏటి చేశావు?"

"మరిగిన గంజి పోసీసేను మూర్తి బాబూ. పురుగులు ఎలగ పరిగెడతాయో చూద్దారని. పెద్దమనుషులు ఎలగ ఎగురుతారో కూడా చూసినట్టుంటాదని." నవ్వబోయాడు. రాలేదు.

మూర్తిగారు రవ్వంతైనా సందేహించలేదు. ఇన్నేళ్ళ నుంచి వాడు చేసిన చిలిపి పనులన్నీ వచ్చి వాడి తరఫున సాక్ష్యం చెప్పాయి. మూర్తిగారి మెడ మీద నరాలు లేచాయి.

"నా పెట్టెలో కోడిని పెడితే ఊరుకున్నాను. ఇది ఆడపిల్ల పెళ్ళిరా! సిగ్గుందా? పద. వచ్చి అందరి ముందరా ఆయన కాళ్ళు పట్టుకో. ఆనక ఈ గేటు దాటి లోపలికి అడుగెట్టావంటే నేను మనిషిని కాను. మంగాయమ్మా, తమ్ముడు నీ వాడు, పీపాలు నీ కోడలివి. ఇంకేటి చెప్పక్కర్లేదు. తాళాలు తే."

"పదండి," అన్నాడు చిన్నారావు. అంత నెమ్మదిగా వాడు మాట్లాడగలడని ఆ పెరట్లో ఎవరికీ తెలియదు.

మంగాయమ్మ బొడ్డున ఉన్న తాళాల మీద చెయ్యి వేసింది. అప్పుడు చూసింది, కోడలి చూపు ఎక్కడుందో.

చిన్నారావు తెల్ల చొక్కా జేబు మీద ఎర్రటి మరక. టెంక ముక్కకున్న నూనె గుడ్డలోకి దిగి, మందార పువ్వు విచ్చుకున్నట్టు నెమ్మదిగా పెద్దదవుతోంది. జ్యోతిర్మయి ఆ మరకని చూసింది. అక్కణ్ణుంచి వంటింటి కిటికీలోంచి గట్టు మీదికి చూసింది. జాడీ ఉండాల్సిన చోట గుండ్రటి నూనె మచ్చ ఉంది, జాడీ లేదు. అక్కణ్ణుంచి అత్తగారి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. లెక్క సరిపోయినప్పుడు ఉండే తేట మాత్రం కనిపించింది.

ఇప్పుడు అంటుంది, అనుకుంది మంగాయమ్మ. అందరి ముందూ అంటుంది. అనడానికి దానికి హక్కుంది.

"తాతగారూ," అంది జ్యోతిర్మయి తల దించుకుని, "మావయ్యగారిని ఏమీ అనకండి. తప్పు నాది. మూత నేనే సరిగ్గా పెట్టలేదేమో."

ఇంట్లో దొంగ ఒక్కతే, ఒప్పుకునేవాళ్ళు ఇద్దరు! మంగాయమ్మకి ముందు సిగ్గు వేసింది, తర్వాత ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, తన మీదే. ఇప్పటిదాకా తన పురుగుల మీద ఈగ వాలనివ్వని పిల్ల, మొదటిసారి వాటి నింద తన నెత్తిన వేసుకుంటోంది. దేనికోసం? ఒక బూజు పట్టిన జాడీ కోసం.

ఆవిడ గరిటె తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి, కట్టెల వెనక దాచిన జాడీని బయటికి లాగి తెచ్చి, పెరటి మధ్యలో మూర్తిగారి కాళ్ళ దగ్గర దించింది.

"ఇదీ మూర్తిగారండీ. ఇది చెయ్యబట్టే."

ఆయన జాడీలోకి తొంగిచూశారు. లోపల ఎర్రటి జిగురు, దాని మీద అక్కడక్కడా తెల్లటి బూజు.

"నా ఆవకాయ పాడైపోనాది. నిన్న సంజేళ నేనే ఆ పీపాలో ఒంపీసేను. ఈడు గంజీ పొయ్యలేదు, గాడిదగుడ్డూ పొయ్యలేదు. ఈడి జేబులో చూడండి, నా టెంక ముక్కే ఉంటాది. ఆ పిల్ల మూత సరిగ్గానే పెట్టింది. అది ఏ పనీ వంకరగా చెయ్యదు. ఇన్నేళ్ళ పేరు పోద్దని నోరు మూసుకుని నిలబడ్డాను, అంతే. పోతే పోనీండి. తాళాలు కావాలంటే నా దగ్గర తీసుకోండి. ఈడు ఎవుల కాళ్ళూ పట్టుకోడు, నా కోడలు తల దించుకోదు."

మంగాయమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. ఏ ఆకాశమూ విరిగి పడలేదే అని ఆశ్చర్యంగా ఉంది.

మూర్తిగారు వంగి జాడీని వెలుతురులోకి తిప్పారు. గొంతు సవరించుకున్నారు.

"ఏ కాయ ఇది? గోనెలు తడిసిపోయి వచ్చినాయే, ఆ పార్సిల్లోదా?"

"ఆఁ, అదేనండి."

"అచ్ఛా." మళ్ళీ గొంతు సవరించుకున్నారు. "మాదీ అదే కాయ. నువ్వు కలిపిందే. మా ఇంట్లోదీ... ఇలాగే అయింది. మా ఆవిడ నీకు చెప్పొద్దంది. తెలిస్తే మంగాయమ్మ మనసు కష్టపెట్టుకుంటాది అని."

మంగాయమ్మ తన చేతిని చూసుకుంది. తన చెయ్యి కాదు. కాయ! తడిసిన కాయ!

"మరి దాన్నేటి చేసేరు బాబూ?" అన్నాడు చిన్నారావు. అలాంటి ప్రశ్న వాడు ఎలా వదులుతాడు?

"మల్లె పాదులో పాతిపెట్టాను."

"అందుకా ఆ మల్లె ఎండిపోనాది! ఎవులో దిష్టెట్టేరని మీ ఆవిడగారు మిరపకాయలు కట్టేరు గదా దానికి!"

అప్పుడు వచ్చింది నవ్వు. ముందు జ్యోతిర్మయికి, తర్వాత మంగాయమ్మకి, చివరికి ఆపుకోలేక మూర్తిగారికి. ఆయన కిరసనాయిలు డబ్బా కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నారు.

"పద, నేను చెప్తాను ఆయనకి. ఆయనా మనోడే, ఆవకాయ సంగతి అంటే అర్థం చేసుకుంటాడు. అమ్మాయ్ జ్యోతీ, నువ్వూ రా. పురుగులు ఎందుకొచ్చాయో నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పు. బండికింకా టైముంది."

ఆయన రెండడుగులు వేశారు. జ్యోతిర్మయి కదల్లేదు. నవ్వు మొహం మీద అలాగే ఉండి, కళ్ళల్లోంచి మాత్రం జారిపోయింది.

"అత్తయ్యా, మీరు ఒంపింది ఈ కుళాయి పక్క పీపాలోనే కదా?"

"ఆఁ."

"రెండోదాంట్లో?"

"అందులో చుక్కైనా ఎయ్యలేదమ్మా. ఒక్క జాడీ రెండు పీపాల్లో ఎందుకొంపుతాను?"

జ్యోతిర్మయి కోళ్ళ గూటి వైపు నడిచింది. ఒక పెట్టని పట్టుకుని మెడ కింద తడిమింది. మేత సంచి రాయిలా బిగుసుకుని ఉంది.

"మావయ్యగారూ, వీటికి రోగమేమీ లేదు. తిని తిని ఉన్నాయి. నిన్న సాయంత్రం ఈ పీపాలోంచి పారిపోయినవన్నీ పక్కనున్న గూట్లోకే వెళ్ళాయి. వీటికి పండగైపోయింది. అందుకే పొద్దున్న మనకి ఒక్కటీ కనబడలేదు."

"మరి హాల్లోవి?" అన్నారు మూర్తిగారు.

నలుగురూ ఒకేసారి అటు తిరిగారు. రెండో పీపా హాలు గోడకి ఆనుకుని, భోజనాల గుమ్మం పక్కనే ఉంది. దాని అంచు నుంచి గచ్చు మీదుగా గుమ్మం దాకా తడి చార, నత్త పాకినట్టు మెరుస్తోంది.

జ్యోతిర్మయి నిన్నటి నుంచి ఆ మూత తీయలేదు. ఇప్పుడు తీసింది. వాసన గుప్పున మొహానికి కొట్టింది. ఎంగిలి వాసన కాదు. మూర్తిగారు చప్పున తన డబ్బా వైపు చూసుకున్నారు. సీలు సీలుగానే ఉంది.

"కిరసనాయిలు కాదు," అన్నాడు చిన్నారావు ముక్కు ఎగబీల్చి. "డీజిలు."

మంగాయమ్మే దగ్గరగా ఉంది. ఇప్పుడు ఆవిడకి భయం లేదు. దాచుకోవాల్సింది తన దగ్గరేమీ మిగల్లేదు. చెయ్యి పెట్టి, పైపైన మెత్తగా తగిలినదాన్ని బయటికి లాగింది. పిడికెడు కాటన్ వేస్టు, ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మనుషులు చేతులు తుడుచుకునే నూలు పీచు. డీజిలు పీల్చి నల్లగా బరువుగా ఉంది.

"షెడ్డు మాలు ఇది," అన్నాడు చిన్నారావు. "మా యార్డులో ఇలాటిది ఇవ్వరు."

"షెడ్డులో పని చేసేవాళ్ళు తార్‌బహార్‌లో ఇంటికొకడున్నాడు," అన్నారు మూర్తిగారు. "ఎవడని పట్టుకుంటాం? కావాలనే వేశాడు. ఇది ఆవకాయ లాంటిది కాదు. వీడు దొరికితే మాత్రం నేను పోలీసు దాకా వెళ్తాను."

మంగాయమ్మకి ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. అరచేతిలో పీచు తిప్పి చూసుకుంది. దాన్ని పొడుగ్గా మెలిపెట్టి, మధ్యలో ఒక్క ముడి వేసి, కొసలు రెండూ ఆ ముడిలోకి తోసి ఉన్నాయి. జేబులో పెట్టుకుంటే విడిపోకుండా ఆవిడ మొగుడు అలా వేసేవాడు. ఇంజన్ మీద నేర్చుకున్న ముడి. ఆయన పోయాక ఆ ముడి వేసేవాడు ఒక్కడే మిగిలాడు. రోజూ బట్టలు నానేసే ముందు వాడి పేంటు జేబులోంచి దాన్ని తీసి గోడ మీద పెట్టేది ఆవిడే.

దిలీప్. ఆవిడ కొడుకు, ఈ పిల్ల మొగుడు. షెడ్డులో తోటివాళ్ళు పురుగుకి హిందీ మాట తగిలించి "కీడా బాబూ, ఇవాళ ఎన్ని పురుగులు కన్నది మీ ఆవిడ?" అని ఆటపట్టిస్తున్నారని, ఈ మధ్య ఇంట్లో అన్నం ముద్ద సహించక లేచిపోతున్నవాడు. ఇవాళ అందరికన్నా ముందు లేచి, కాఫీ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్ళినవాడు.

ఆవిడ వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఏంటత్తయ్యా అది?" జ్యోతిర్మయి దగ్గరికి వచ్చింది. "ముడిలా ఏదో ఉంది కదా? ఇలా ఇవ్వండి, చూస్తాను."

"ఏటీ లేదమ్మా. ఒట్టి పీచు."

గేటు కిర్రుమంది. సైకిలు తోసుకుంటూ, హేండిల్‌కి టిఫిన్ కేరియర్ వేలాడుతూ, దిలీప్ లోపలికి వచ్చాడు.

"క్యా హువా? అందరూ ఇక్కడున్నారేటి? అమ్మా, ఫంక్షన్ అయిపోనాదా?"

అడిగాడే గానీ జవాబు కోసం ఎవరి మొహమూ చూడలేదు. పెరటి మధ్యలో ఉన్న జాడీని చూడలేదు, మావయ్య చొక్కా మీద ఎర్రటి మరకని చూడలేదు. వాడి కళ్ళు తిన్నగా వచ్చి తల్లి మూసిన పిడికిలి మీద ఆగిపోయాయి.

మంగాయమ్మ ఆ పిడికిలిని ఇంకా గట్టిగా బిగించింది. బిగించిన కొద్దీ వేళ్ళ సందుల్లోంచి డీజిలు ఊరి, ఒక నల్లటి చుక్క గచ్చు మీద పడింది. దాని పక్కనే ఇంకోటి.

జ్యోతిర్మయి ఆ చుక్కలని చూసింది. మొగుడి చూపు ఎక్కడుందో చూసింది. తర్వాత అత్తగారి ముందు అరచెయ్యి చాపింది.

"ఇవ్వండత్తయ్యా."